మన ఊరి నటుడు: బళ్లారి రాఘవ

నాటకమనిన జనులు చెవి కోసికొను కాలమొకటి తెలుగునాట నుండెను. 1920 మొదలు 1930 వరకు గల ఆ పదేండ్లను మన ముత్తాతలు తమ మనుమలకు కథలుగా చెప్పిరి. ఆ మనుమలు మనకు చెప్పిరి. అప్పటికి సినిమాకు మాటలు రాలేదు. మొదటి తెలుగు టాకీ 'భక్తప్రహ్లాద' 1932లో గాని వెలువడలేదు. ఇంటింట రేడియో మ్రోగు రోజులును కావవి. కావున ఒక ఊరిలో నాటకము జరుగుననిన, ఆ వార్త చుట్టుపట్ల పల్లెలన్నిటికిని పండుగ వార్త.

పగలే తప్పెట మ్రోగెడిది. వీధులలో కరపత్రములు పంచెడివారు. ప్రొద్దు గ్రుంకకముందే బండ్లు కట్టుకొని, చాపలు చంకబెట్టుకొని, చద్దిమూటలతో జనులు బయలుదేరెడివారు. గ్యాసు దీపముల వెలుగులో, రాజమందిరమో అడవియో చిత్రించిన తెరల యెదుట మొదలైన ఆట కోడి కూయు వేళకు గాని ముగిసెడిది కాదు. తిరుపతి వేంకటకవుల పాండవ నాటకములు, చిలకమర్తివారి 'గయోపాఖ్యానము', బలిజేపల్లివారి 'సత్యహరిశ్చంద్రీయము', కాళ్లకూరివారి 'చింతామణి' - వీనిలోని పద్యములు చదువురానివారికి సైతము నోటికి వచ్చెడివి. పేరుపొందిన నటుల పద్యములు గ్రామఫోను రికార్డులపై కెక్కి, అంగళ్లయందును పెండ్లి పందిళ్లయందును వినబడుచుండెడివి.

ఆ నాటకమునకు ప్రాణము పాట. హార్మోనియము శ్రుతి పట్టగానే నటుడు పద్యమెత్తుకొనును. నాలుగు పాదముల పద్యమును రాగముతో సాగదీసి, సంగతిపై సంగతి వేసి, సభను ఊపివేయును. 'వన్సుమోరు' అని కేకలు లేచును. అపుడు నటుడు కథను నిలిపి, అదే పద్యమును మరల పాడవలసినదే. కథలో మరణించినవాడు సైతము లేచి నిలిచి పాడి, మరల పడుకొనుట వింతగా తోచెడిది కాదు. ఇది ఆనాటి ముచ్చట. అందు ఆనందమున్నమాట నిజము. దానిని మనము తక్కువ చేయరాదు.

అయితే విద్యార్థులు తెలిసికొనదగిన విశేషమొకటి కలదు. ఇట్టి పాటల వెల్లువ సాగుచున్న కాలముననే, గొంతుకంటె భావమును నమ్మి, జనులకు నచ్చినదానికి ఎదురీది, ఆ జనులచేతనే మహానటుడనిపించుకొన్న వ్యక్తి యొకరుండిరి. ఆయన పెరిగినది, పనిచేసినది, కన్నుమూసినది మన బళ్లారిలోనే. ఆయనయే బళ్లారి రాఘవగారు.

రాఘవగారి పూర్తి పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. వారు 1880వ సంవత్సరము ఆగస్టు 2వ తేదీన తాడిపత్రిలో జన్మించిరి. ఆ పట్టణము నేడు అనంతపురము జిల్లాలోనిది. కాని అనంతపురము జిల్లా ఏర్పడినది 1882లో. అంతకుముందు ఆ ప్రాంతమంతయు బళ్లారి జిల్లాలోనిదే. కావున పుట్టుకచేతను ఆయన బళ్లారివారే యనవచ్చును. తండ్రి నరసింహాచార్యులుగారు తెలుగు పండితులు. తల్లి శేషమ్మగారు. ఇంటిలో సంస్కృతాంధ్రములు, బడిలో ఇంగ్లీషు, వీధిలో కన్నడము, అంగడిలో ఉర్దూ - ఇట్లు బళ్లారి బాలునకు నాలుగు భాషలు నాలుగు ప్రక్కలనుండి వినబడెడివి. ఈ సంగతిని గుర్తుంచుకొనుడు. రాఘవగారి జీవితమున దీని ఫలము ముందు ముందు కనబడును.

ఆయన మేనమామ ధర్మవరము కృష్ణమాచార్యులుగారు. బళ్లారిలో వకీలు వృత్తి చేయుచు నాటకములు వ్రాసి, ఆడించి, 'ఆంధ్ర నాటక పితామహుడ'ను బిరుదు నందిన వారాయన. 1880 తరువాత ధార్వాడమునుండి వచ్చిన నాటక సమాజములు మన ప్రాంతములలో తిరిగి జనులను ఆకర్షించుచుండెను. వానిని చూచి ఉత్సాహము పొంది, తెలుగు నాటకమున పద్యములతోపాటు పాటలను చేర్చి, కృష్ణమాచార్యులుగారు 'చిత్రనళీయము' రచించిరి. మరణముతో ముగియు విషాదనాటకమును 'విషాదసారంగధర'తో తెలుగున ప్రవేశపెట్టినదియు వారే. వారి సమాజము పేరు సరసవినోదినీ సభ.

అదే ఊరిలో మరియొక వకీలు, మరియొక నాటకకర్త యుండిరి. వారు కోలాచలము శ్రీనివాసరావుగారు (1854-1919). చారిత్రక నాటకములు రచించుటలో వారికి సాటి లేదు. ప్రపంచ నాటక చరిత్రను ఇంగ్లీషులో గ్రంథముగా వ్రాసిన పండితులాయన. వారి సమాజము సుమనోరమ సభ. ఈ రెండు సభలకును పోటీ యుండెను. ఆ పోటీ వలన ఊరికి మేలే జరిగెను. జిల్లా పట్టణములో ఇరువురు పెద్ద నాటకకర్తలు, రెండు సమాజములు! చెన్నపురికి, రాజమహేంద్రవరమునకు ఎంతో దూరముననున్న ఈ ఎండల ఊరు తెలుగు నాటకమునకొక పుట్టినిల్లయ్యెను. పొలిమేరలలో నుండువారు భాషకు దూరమగుదురను మాట ఎంత పొరపాటో దీనివలన తెలియుచున్నది.

రాఘవగారు చిన్ననాటనే షేక్‌స్పియర్ నాటకములపై మక్కువ పెంచుకొని, బళ్లారిలో షేక్‌స్పియర్ క్లబ్బును స్థాపించి, ఆ నాటకములందు వేషములు ధరించిరి. తరువాత మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి పట్టము పొందిరి. న్యాయశాస్త్రము ముగించి బళ్లారికి తిరిగివచ్చి వకీలైరి. క్రిమినలు కేసులలో దిట్టయని పేరు వచ్చెను. ప్రభుత్వము వారిని పబ్లిక్ ప్రాసిక్యూటరుగా నియమించెను. ధనమునకు, గౌరవమునకు కొరత లేని జీవితమది. నాటకము వారికి జీవనోపాధి కాదు. పగలు న్యాయస్థానము, రాత్రి రంగస్థలము - ఇది వారి దినచర్య. ఆడిన ఆటలకు తమకై ప్రతిఫలము కోరక, సత్కార్యముల నిధులకై అనేక ప్రదర్శనములిచ్చిరి.

కోలాచలమువారి 'రామరాజు చరిత్ర' యను నాటకమునకు విజయనగర పతనము ఇతివృత్తము. 1565లో జరిగిన యుద్ధముతో ఆ మహానగరము పాడువడిన కథ అది. ఆ శిథిలములు మన ఊరికి చేరువనున్న హంపీలో నేటికిని చూడవచ్చును. ఆ నాటకమున రాఘవగారు ధరించినది రాజు వేషము కాదు. పఠాను రుస్తుము వేషము. ఆచారవంతమైన వైష్ణవ కుటుంబములో పుట్టిన వ్యక్తి పఠానుగా రంగముపై నిలిచినపుడు, ఆ నడకలో, ఆ చూపులో, ఆ ఉచ్చారణలో జనులకు రాఘవగారు కనబడక రుస్తుమే కనబడెనని చెప్పుకొందురు. ఆ పాత్రయే ఆయన కీర్తికి తొలి మెట్లలో నొకటి. బళ్లారి వీధులలో ఉర్దూ మాటలాడువారిని దినదినము చూచి, విని పెరిగినవానికి ఆ పాత్ర పుస్తకమునుండి గాక జీవితమునుండి లభించియుండును.

హరిశ్చంద్రుడు, దుర్యోధనుడు, హిరణ్యకశిపుడు, కీచకుడు, చాణక్యుడు, షైలాకు - ఇట్లు పరస్పరము పోలికలేని పాత్రలు వారు ధరించిరి. తెలుగుననే గాక కన్నడమునందును, హిందీయందును, ఇంగ్లీషునందును నటించిరి. ముందు చెప్పిన నాలుగు ప్రక్కల భాషలు ఇచ్చట ఫలించినవి. ఒక భాష వచ్చుట మరియొక భాషకు అడ్డుకాదని, మాతృభాషలో వేరు బలముగా నున్నచో కొమ్మలు ఎన్ని ప్రక్కలకైన సాగునని వారి జీవితము చూపుచున్నది.

ఇక వారి నటనమునందలి కొత్తదనమేమి? దానిని తెలియుటకు 'హరిశ్చంద్ర' కథలోని కాటి ఘట్టమును తలచుకొందము. భర్త కాటికాపరి. భార్య చనిపోయిన కుమారుని మోసికొని అక్కడికి వచ్చును. చీకటి. సుంకము చెల్లింపనిదే శవమును కాల్పనీయరాదు. ఆమె తన భార్యయని, ఆ శవము తన బిడ్డదని అతనికి తెలియును. ఈ క్షణమున మనుష్యుడేమి చేయును? నోరు పెగలదు. కాళ్లు తడబడును. ఆనాటి ఆచారము ప్రకారమైతే నటుడు ఇచ్చటనే ముందునకు వచ్చి, సభవైపు తిరిగి, రాగమెత్తుకొనవలెను. గొంతు బాగున్నచో జనులు చప్పట్లు కొట్టుదురు. కాని హరిశ్చంద్రుడు కనబడడు, గాయకుడు కనబడును.

రాఘవగారు ఈ పద్ధతిని కాదనిరి. పద్యము పాత్ర యొక్క మాటయే గాని కచ్చేరి కాదని వారి మతము. కావున రాగము తగ్గించి, అర్థము చెడకుండ, భావమునకు తగినట్లు పద్యమును పలికెడివారు. ఎక్కడ ఆగవలెనో, ఎక్కడ స్వరము దించవలెనో, ఎక్కడ మాటకంటె మౌనమే ఎక్కువ చెప్పునో యోచించెడివారు. చూపును, చేతిని, నిలుచు తీరును పాత్రకు లోబరచెడివారు. ప్రతినాయక పాత్రలను గూడ కేవలము దుష్టులుగా గాక, రాగద్వేషములు గల మనుష్యులుగా చూపెడివారు. వాదప్రతివాదములు విని, సాక్షుల ముఖములలోని భయమును, మొండితనమును, బాధను దినమెల్ల చూచు వకీలునకు మనుష్య స్వభావము తెలియుటలో ఆశ్చర్యము లేదు.

ఇది సులభమైన మార్గము కాదు. పాటకై వచ్చిన జనులకు పాట తగ్గించి ఇచ్చుట యనిన, విందునకు వచ్చినవారికి పాయసము లేదనుట వంటిది. పాడుట చేతకాక ఇట్లు చేయుచున్నాడని గొణగినవారు లేకపోలేదు. అయినను ఆయన వెనుదీయలేదు. క్రమముగా ఆయన దారిని మెచ్చినవారు పెరిగిరి. ఏలూరిలో వకీలుగానుండి నటుడుగా పేరొందిన బందా కనకలింగేశ్వరరావుగారు అట్టివారిలో నొకరు.

రెండవ సంస్కరణము ఇంతకంటె కష్టమైనది. ఆనాడు స్త్రీ పాత్రలను పురుషులే ధరించెడివారు. బాపట్లకు చెందిన స్థానము నరసింహారావుగారి వంటి ప్రతిభావంతులు సత్యభామగా రంగమెక్కినపుడు స్త్రీలే నివ్వెరపోయెడివారట. కడప సీమలో పుట్టిన సురభి సమాజమున కుటుంబ స్త్రీలు నటించుట కలదు. కాని తక్కినచోట్ల రంగమెక్కిన స్త్రీని సంఘము చిన్నచూపు చూచెడిది. చదువుకొన్న కుటుంబములవారు తమ ఆడుబిడ్డలను ఆ ఛాయకే పోనిచ్చెడివారు కారు. స్త్రీ పాత్రను స్త్రీయే ధరింపవలెనని, అందుకు విద్యావతులు ముందునకు రావలెనని రాఘవగారు పట్టుబట్టిరి. కొమ్మూరి పద్మావతీదేవిగారు మున్నగువారు వారి ప్రోత్సాహమున రంగమునకు వచ్చిరి. పాకాల వేంకటరాజమన్నారుగారు రచించిన 'తప్పెవరిది' వంటి సాంఘిక నాటకములను రాఘవగారు ఆడించిరి. ఆ నాటకకర్తయే తరువాతి కాలమున మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తియైరి. రాజుల కథల స్థానమున ఇంటి కథ, కిరీటముల స్థానమున మామూలు దుస్తులు వచ్చుట అప్పటి సభలకు వింత.

పాత కాలమును తలచి మురియునపుడు మనము ఈ సంగతి మరువరాదు. ఆ దశాబ్దపు రాత్రులలో గ్యాసు దీపముల కాంతియే కాదు, చీకటియు నుండెను. నటించు స్త్రీని నిందించి, ఆమె పాటను మాత్రము మెచ్చుకొను లోకమది. దానిని ఎదిరించినవారి వలననే నేడు మన పాఠశాల వార్షికోత్సవమున బాలికలు నిస్సంకోచముగా వేషము వేయగలుగుచున్నారు.

1927లో గాంధీమహాత్ముడు అస్వస్థుడై మైసూరు సీమలో విశ్రాంతి తీసికొనుచుండిరి. ఆ సమయమున రాఘవగారు హిందీలో ప్రదర్శించిన 'దీనబంధు కబీరు' నాటకమును ఆయన చూచిరి. నాటకములకు సమయము వెచ్చించు అలవాటు లేని మహాత్ముడు ఆ నటనమునకు సంతసించిరని ప్రసిద్ధి. మరుసటి సంవత్సరము, అనగా 1928లో, రాఘవగారు ఇంగ్లండుకు వెళ్లి అచ్చటి రంగస్థల పద్ధతులను పరిశీలించిరి. లండనులో నాటకకర్త బెర్నార్డ్ షాను కలిసికొనిరి. తిరిగి వచ్చిన తరువాత వారు చెన్నపురిలోనో బొంబాయిలోనో స్థిరపడలేదు. బళ్లారికే వచ్చిరి, మరల నల్లకోటు తొడిగిరి, మరల రంగమెక్కిరి.

ఇంతలో కాలము మారెను. టాకీలు వచ్చెను. రాత్రి తెల్లవార్లు జరుగు ఆట రెండు మూడు గంటలకు కుదించుకొనిపోయెను. నాటకశాలలు ఒకటొకటిగా సినిమాశాలలయ్యెను. 1936లో ద్రౌపది కథను తీసికొని ఒకేసారి రెండు చిత్రములు పోటీగా వెలువడెను. ఒకటి 'ద్రౌపదీ వస్త్రాపహరణము'. అందు దుర్యోధనుడు యడవల్లి సూర్యనారాయణగారు. రెండవది 'ద్రౌపదీ మానసంరక్షణము'. అందు దుర్యోధనుడు రాఘవగారు, కృష్ణుడు బందావారు. జనులు మొదటిదానికే పట్టము కట్టిరి. రాఘవగారి చిత్రమునకు ఆదరణ లభింపలేదు. విజయములు మాత్రమే చెప్పి అపజయములు దాచుట జీవితచరిత్రకు తగదు గనుక ఈ సంగతిని గూడ చెప్పవలసియున్నది.

మూడేండ్లకు, 1939లో, గూడవల్లి రామబ్రహ్మముగారు 'రైతుబిడ్డ' తీసిరి. జమీందారుల దౌష్ట్యమును, రైతుల కష్టమును చూపు చిత్రమది. అందు రాఘవగారు కిరీటము లేని, గద లేని రైతు పాత్రను ధరించిరి. ఆయన జీవితమంతయు కోరిన సహజ నటనమునకు తగిన పాత్ర అది. జమీందారులకు ఆగ్రహము కలిగెను. ప్రభుత్వము చిత్రమును నిషేధించెను. 1940లో వచ్చిన 'చండిక'లోను వారు కనబడిరి. అంతటితో చిత్రములకు స్వస్తి.

1946వ సంవత్సరము ఏప్రిలు 16వ తేదీన రాఘవగారు బళ్లారిలో దివంగతులైరి. అప్పటికి వారి వయస్సు అరువదియైదు నిండినది. ఏడేండ్ల తరువాత, 1953 అక్టోబరు 1వ తేదీన, ఆంధ్ర రాష్ట్రము ఏర్పడిన దినముననే, బళ్లారి మైసూరు రాష్ట్రములో చేరెను. ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు వెళ్లెను. ఒక జిల్లా రెండైనది. తెలుగు రంగమునకు ఇంత సేవ చేసిన ఊరు తెలుగు రాష్ట్రమునకు వెలుపల నిలిచినది. కాని రాఘవగారిని ఏ సరిహద్దును పంచుకొనలేదు. తెలుగువారు తమవాడందురు, కన్నడిగులు తమవాడందురు. ఇరువురి మాటయు నిజమే. బళ్లారిలో వారి పేరిట కళామందిరము వెలసినది. 1981లో భారత ప్రభుత్వము వారి స్మారకముగా తపాలా బిళ్లను వెలువరించినది.

చిత్రకారుడు పోయినను పటముండును. కవి పోయినను గ్రంథముండును. రంగస్థల నటుడు పోయిన, అతని కళ అతనితోనే పోవును. రుస్తుము నడిచిన ఆ నడకను, హరిశ్చంద్రుని ఆ మౌనమును ఇక ఎవరును చూడలేరు. మిగిలినది ఆయన పలికిన మాటలు గల నాటకములు మాత్రమే. అవియు తెలుగున నున్నవి. వానిని చదువగలవారున్నంత కాలము రాఘవగారికొక నీడ యుండును. చదువగలవారు లేనినాడు కళామందిరము పై పేరు మాత్రము నిలుచును. ఆ పేరు ఎవరిదని త్రోవనుపోవు బాలుడు అడిగిన, చెప్పువారుండరు.

కావున తల్లిదండ్రులకొక మనవి. మన పిల్లలు వీధిలో కన్నడము చక్కగా మాటలాడుటకు సంతసింపుడు. అది వారు పెరుగుచున్న నేల భాష. రాఘవగారును అట్లే పెరిగిరి. అయితే ఇంటిలో తెలుగు చదువుట మాన్పింపకుడు. బాలబాలికలకొక పని. ఈ సంవత్సరము ధర్మవరమువారిదో కోలాచలమువారిదో ఒక్క నాటకమును సంపాదించి, అందొక రంగమును పంచుకొని బిగ్గరగా చదువుడు. పాడుటకు గొంతు లేదని వెనుకాడకుడు. అర్థము తెలిసి, ఆ మాట పలుకువాని మనస్సు తెలిసి, నెమ్మదిగా పలుకుడు. రాఘవగారు మన ఊరిలో నేర్పిన విద్య అదియే.